మోకాలి లోతు

కాజాలమ్మకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ కుట్టు షెడ్డులో దాని అవసరం ఎవరికీ పడలేదు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డు అది. కాలర్లు కుట్టేవాళ్లు ఒక వరస, చేతులు అతికేవాళ్లు ఒక వరస. అన్నీ అయ్యాక చొక్కా చివరికి ఈమె మిషను దగ్గరికి వస్తుంది. గుండీపట్టీని సూది కింద సర్ది పెడలు తొక్కితే, మిషను చుట్టూ కుట్టేసి, ఆఖర్న చిన్న కత్తి టక్కున పడి నడుమ కోస్తుంది. అదీ కాజా. గుడ్డ వెంట్రుకవాసి జరిగినా కత్తి పడకూడని చోట పడుతుంది, అంతమంది కష్టపడి కుట్టిన చొక్కా చిత్తుగుడ్డల్లోకి పోతుంది. ఆమె చేతిలో అలా పాడైన చొక్కాలు తక్కువ. అందుకే మేస్త్రి ఆమెను ఆ కుర్చీలోంచి కదలనివ్వలేదు, జీతాన్నీ పెద్దగా కదలనివ్వలేదు.

నోట్లో నాలుక లేని మనిషి. కూర్చోమంటే కూర్చుంటుంది, సెలవురోజు రమ్మంటే వస్తుంది. అలాంటి మనిషి నడివయసులో, ముక్కుమీదికి కళ్లజోడు వచ్చాక, సాయంత్రం బళ్లో పదో తరగతికి పేరు రాయించుకుందని తెలిసేసరికి షెడ్డు షెడ్డంతా మిషన్లు ఆపి మరీ నవ్వింది. మేస్త్రి కుర్చీకి ఎసరు పెడుతున్నావా అని ఒకావిడ అడిగింది. మాకందరికీ ఇంగ్లీషులో తిట్లు నేర్పు అని ఇంకొకావిడ. కాజాలమ్మ కూడా వాళ్లతో పాటు నవ్వి ఊరుకుంది. అసలు సంగతి చెబితే ఆ నోళ్లు మూతపడతాయి, ఆ తర్వాత జాలి మొదలవుతుంది. జాలి కన్నా నవ్వే నయమని ఆమెకు అనుభవం మీద తెలుసు.

బడి ఆఫీసులో గుమాస్తా కూడా ఆమె మేలు కోరే మాట్లాడాడు. తప్పనిసరి సబ్జెక్టులు పోగా ఒకటి మన ఇష్టం వచ్చింది తీసుకోవచ్చునట. గృహశాస్త్రం తీసుకోండమ్మా, వంటా కుట్టూ పిల్లల పెంపకమూ, అన్నీ మీకు తెలిసినవే, కళ్లు మూసుకుని రాసినా పాసైపోతారు అన్నాడు. పిల్లల పెంపకం అనేసరికి ఆమెకు గుండెలో కలుక్కుమంది. భూగోళం రాసుకోమంది. గుమాస్తా పెన్ను పక్కన పెట్టాడు. మ్యాపులు గీయాలి, స్కేలు లెక్కలుంటాయి, పైగా ప్రాక్టికల్‌కి ఏటి దాకా పోవాలి, నీళ్లలో దిగి కొలతలు తీయాలి, మీవల్ల కాదమ్మా అని ఓపిగ్గా చెప్పాడు.

"ఏటికి వెళ్లాలనే బాబూ," అంది కాజాలమ్మ.

గుమాస్తా కొత్తవాడు. ఈమెకేదో షికారు సరదా ఉందనుకుని రాసేసుకున్నాడు.

అదే బళ్లో ఆమె పెద్ద కూతురు పదో తరగతి చదివింది. చదువుతూనే పోయింది. భూగోళం క్లాసు పిల్లల్ని ఏటి దగ్గరికి తీసుకువెళ్లినప్పుడు నీళ్లలో మునిగిపోయింది. బడివాళ్లు చెప్పిన కథ చాలా పొట్టిది. సారు ఎవ్వరినీ నీళ్లలో దిగొద్దన్నాడు, ఈ పిల్ల మాట వినకుండా ఆటలాడుతూ దిగింది, లోతులోకి పోయింది. హెడ్మాస్టరు ఈ నాలుగు ముక్కలూ ఇంటికొచ్చి చెప్పాడు, పోలీసుల ముందు చెప్పాడు, బడి ప్రార్థన దగ్గర పిల్లలందరికీ చెప్పి, మాట వినకపోతే ఏమవుతుందో చూశారుగా అని కూడా కలిపాడు. క్లాసు పిల్లల్ని ఎవరేం అడిగినా తల వంచుకున్నారు. పాఠం చెప్పే సారు మాత్రం ఆ చుట్టుపక్కల ఎక్కడా కనబడలేదు. మంచాన పడ్డాడన్నారు.

ఆ కథను నమ్మడం అంత కష్టమేమీ కాలేదు, అదీ దౌర్భాగ్యం. పెద్దది నిజంగానే నోరున్న పిల్ల. ఎందుకు, ఎవరు చెప్పారు, నేనెందుకు చెయ్యాలి అని అడగనిదే గ్లాసు నీళ్లు కూడా తెచ్చిచ్చేది కాదు. పైగా ఆస్పత్రిలో ఒళ్లు అప్పగించినప్పుడు పిల్ల రెండు మోకాళ్ల కిందా ఎర్రగుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. అవేమిటో ఎవరికీ అర్థం కాలేదు. ఆడపడుచు చూసి, ఇంకేముంది వదినా, జట్లు కట్టి ఆడుకున్నారు, ఇది ఎర్ర జట్టు అంది. తడికి ముడి బిగుసుకుపోయి ఊడిరాకపోతే కాజాలమ్మే కత్తెర పెట్టి కత్తిరించింది. కత్తిరిస్తూ, అంతమందిలో, కూతురి మీద పడి ఏడుస్తూ ఒక మాట అంది. ఒక్కసారి, ఒక్కసారి మాట విని ఉంటే బతికేదానివి కదే అని.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. పోయినవాళ్లలో లేని మంచి కూడా వెతికి చెబుతారు లోకులు. ఈ పిల్లకు ఆపాటి భాగ్యం కూడా దక్కలేదు. చుట్టాలు వచ్చి పలకరించి పోతూ, మొండిదండీ పాపం అనేవారు. పెట్రోలు బంకులో పనిచేసే తండ్రి, ఎవరైనా అడిగితే దుడుకు పిల్ల అని ఒక్క మాటతో తేల్చేసేవాడు. తర్వాత అడిగేవాళ్లు లేకపోయారు, ఆయన అనడమూ మానేశాడు. ఇంట్లో పెద్దదాని ఊసెత్తడం ఒకే ఒక్క పనికి మిగిలింది. చిన్నదాన్ని అదుపులో పెట్టడానికి.

చిన్నది అప్పటికి పసిది. అక్కలాగా మాట వినకపోతే ఏమవుతుందో తెలుసుగా అని తల్లి అంటే చాలు, చేతిలో ఉన్నది అక్కడే వదిలేసేది. ఆ ఒక్క మాటతో పెంచింది కాజాలమ్మ దాన్ని. ఆ పిల్ల ఎంత మాట వినేదయిందంటే, ఒకసారి కిరాణా కొట్టు ముందు ఇక్కడే నిలబడు అని చెప్పి తల్లి లోపలికి వెళ్తే, వాన కురిసి నిలువునా తడిసిపోయినా పక్కనే ఉన్న చూరు కిందికి జరగలేదు. కొట్టువాడు చూసి, ఏం పెంచావమ్మా పిల్లని అని మెచ్చుకున్నాడు. కాజాలమ్మ ఆ రోజు పొంగిపోయింది. అంత కడుపుకోతలో ఆమెకు దక్కిన సంతోషం అదొక్కటే, కాదని అనలేం.

అలా ఏళ్లు గడిచాయి. చిన్నది తొమ్మిదో తరగతికి వచ్చింది. ఒకనాటి సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని పాఠం పైకి చదువుకుంటోంది. నది లోతును కొలుచు విధానం, విద్యార్థులు దండముతో నీటిలో నిలబడవలెను అని ఏదో వచ్చింది. కాజాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మళ్లీ చదవమంది. చిన్నది మళ్లీ చదివింది. నీళ్లలో నిలబడాలా, అది పాఠంలో ఉందా అని అడిగింది తల్లి. ఉందమ్మా అంది చిన్నది. మరి సారు ఎవ్వరినీ దిగొద్దన్నాడు కదా, దిగకుండా లోతెలా కొలుస్తారు అంటే, చిన్నది ముఖం పాలిపోయి, పుస్తకం మూసేసి, నాకు తెలీదమ్మా, నేను దిగనమ్మా అని ఏడుపు మొదలుపెట్టింది. దాన్ని ఊరుకోబెట్టేసరికి పొయ్యి మీద కూర మాడిపోయింది.

ఆ తర్వాత కాజాలమ్మకు మనసు నిలవలేదు. హెడ్మాస్టరు మారిపోయాడు. వెళ్లి అడిగితే పాత గొడవలెందుకమ్మా అన్నారు. పెద్దదాని స్నేహితులు పెళ్లిళ్లయి, ఉద్యోగాలకు పోయి ఎక్కడెక్కడో ఉన్నారు. బయట నిలబడి అడిగితే తలుపు తీసేవాళ్లు లేరని అర్థమైంది. ఆ బడిలోనే పెద్దవాళ్లకు సాయంత్రం క్లాసులున్నాయనీ, భూగోళం అదే సారు చెబుతాడనీ విన్నాక ఆమె చేసిన పని ఇది. నా బిడ్డ మాట వినక చచ్చిందా, లేదా? ఈ ఒక్క సంగతి తేల్చుకోవడానికి ఆమె మళ్లీ బడిలో కాలు పెట్టింది. మొగుడితో మాత్రం, పాసైతే షెడ్డులో జీతం పెరుగుతుందట అని చెప్పింది. ఆయన, నీకెలా తోస్తే అలా చెయ్యి అని అటు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం క్లాసులో కూర్చున్నది బొత్తిగా కలగాపులగం మంద. క్షౌరశాల నడిపే ఆయన ఒకడు, బస్సు కండక్టరమ్మ ఒకతె, ఆస్పత్రిలో మంచాలు తోసే అన్నదమ్ములిద్దరు. పిల్లల కోసం చేసిన బల్లల్లో మోకాళ్లు ఇరుక్కుని అవస్థ పడేవారు. సారును అందరూ పటాల సారు అనేవారు. గది నిండా పటాలే మరి. గోడలకున్నవి చాలక మూలల్లో చుట్టలు చుట్టి నిలబెట్టినవి కూడా ఉండేవి. చెమట పట్టిన మెడ, ఎప్పుడూ సుద్దపొడి అంటుకున్న చొక్కా. ఆ చొక్కా కాజాలు తెగిపోయి ఉన్నాయని కాజాలమ్మ మొదటి రోజే గమనించింది. ఆయన మాత్రం ఆమె కూర్చున్న వైపు ఒక్కసారి చూసి, ఆ తర్వాత పాఠమంతా కిటికీకి చెప్పాడు.

ఆమె వచ్చిన పని వేరే అయినా, చదువు ఆమెను పట్టుకుంది. దీనికి ఆమెకే సిగ్గేసింది. కొండ ఎత్తును కాగితం మీద గీతల్లో చూపిస్తారనీ, గీతలు దగ్గరగా ఉంటే ఏటవాలనీ, దూరంగా ఉంటే చదుననీ సారు చెబితే, క్షౌరం ఆయన, ఇది మా కుర్రాళ్ల నెత్తిమీది సుడి లాగుందండీ అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నవ్వి, కూతురు కూర్చున్న గదిలో నవ్వుతున్నానని గుర్తొచ్చి తల దించుకుంది. పెద్దది ఈ పాఠం ఇంటికొచ్చి చెప్పబోతే, పనిలో ఉన్నాను తర్వాత చెబుదువులే అన్న రోజు ఒకటి ఉంది. ఆ తర్వాత అన్నది రాలేదు.

చలికాలం చివర్లో నదుల పాఠం మొదలైంది. ఏరు వంపు తిరిగే చోట నీళ్లు బయటి గట్టును ఒరుసుకుంటూ వేగంగా పోతాయి, అక్కడ గట్టు కోసుకుపోయి లోతు పడుతుంది. లోపలి వంపు దగ్గర నీళ్లు నెమ్మదిస్తాయి, మోసుకొచ్చిన ఇసుకను అక్కడ దించేస్తాయి, అందుకని అక్కడ ఎప్పుడూ మెరకే, మోకాలి లోతు మించదు. సారు బోర్డు మీద వంపు గీసి, లోపలి వైపు సుద్దతో చుక్కలు పెట్టి ఇసుక చూపించాడు. కాజాలమ్మ ఆ చుక్కల్నే చూస్తూ కూర్చుంది. పిల్లను బయటికి తీసిన చోటు ఆమె చూసింది. ఆ రోజు ఆమెను ఇద్దరు పట్టుకుని ఇసుక మీదే నడిపించుకెళ్లారు. ఇసుక వైపే, లోపలి వంపులోనే తీశారు పిల్లను.

ఆమె ఆ క్లాసులో అంతవరకు నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడిగింది లేదు. ఇప్పుడు లేచి నిలబడింది.

"లోపలి వంపులో మునిగిపోయేంత లోతు ఎలా వస్తుంది సార్?"

పటాల సారు చేతిలో సుద్ద బోర్డు మీదే ఉంది. వెనక్కి తిరగలేదు. రాదమ్మా, పాఠం ప్రకారం రాకూడదు అన్నాడు. మిగిలింది మన సిలబస్‌లో లేదు అని చెప్పి, గంట కొట్టకముందే పటం చుట్టుకుని వెళ్లిపోయాడు. పాపం ఒంట్లో బాగాలేదేమో అన్నది కండక్టరమ్మ. ఆయనకు ఒంట్లో ఏముందో తెలియదు గానీ, గొంతులో ఏదో ఉందనీ, అది మింగలేకా కక్కలేకా ఉన్నాడనీ కాజాలమ్మకు ఆ రోజే అర్థమైంది.

ప్రాక్టికల్ రోజు వచ్చింది. ఆ దుర్ఘటన తర్వాత పగటి బడి పిల్లల్ని ఏటికి తీసుకుపోవడం మానేశారు, పుస్తకంలో ఉన్న అంకెలతోనే కానిచ్చేస్తున్నారు. పెద్దవాళ్ల క్లాసుకు మాత్రం పరీక్షల వాళ్లు ఒప్పుకోలేదు. అందుకని ఒక సెలవురోజు పొద్దున అందరూ బస్సులో బయల్దేరారు. చోటు కూడా మార్చారు, వంతెనకు ఎగువన, రాళ్లు కనబడేంత పల్చని నీళ్లు. సారు బస్సులో ముందు సీట్లో కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు. ఏటి దగ్గర ఆగాక కూడా గట్టు దిగలేదు. పని చేయించేది భూగోళం గది అటెండరు. బడిలో తలనెరిసిన మనిషి, పని తెలిసినవాడు. ఆ గట్టు నుంచి ఈ గట్టుకు తాడు లాగి కట్టించాడు. కొలతబద్ద కర్ర పట్టుకుని తాడు వెంట నడుస్తూ అడుగడుగునా లోతు చెప్పే మనిషొకరు, ఒడ్డున రాసుకునే మనిషొకరు. నీళ్లలోకి దిగేది ఎవరమ్మా, పొడుగ్గా ఉన్నారు మీరు దిగండి అని కర్ర తెచ్చి కాజాలమ్మకిచ్చాడు.

తర్వాత అటెండరు రేకుపెట్టె తెరిచి రెండు ఎర్రగుడ్డ పీలికలు తీశాడు.

మోకాళ్ల కింద కట్టుకోమన్నాడు. ఇది మా సారు పద్ధతి అని గొప్పగా చెప్పాడు. నడుస్తుండగా నీళ్లు గుడ్డకు తగిలాయంటే అక్కడికక్కడ ఆగి చెయ్యెత్తాలి, వెనక్కి రావాలి, అంతకు మించి ఒక్క అడుగు వెయ్యకూడదు. ఎన్నాళ్ల నుంచి ఈ పద్ధతి అని ఆమె అడిగింది. నేను ఈ బడిలో చేరినప్పటి నుంచీ ఇదేనమ్మా, నీళ్లలో దిగే పిల్లకు సారు దగ్గరుండి కట్టించేవాడు, గట్టున ఉండేవాళ్లకు ఇవ్వడు అన్నాడు అటెండరు. ఆ మాట ఎవరితో అన్నాడో ఆయనకు తెలియదు.

కాజాలమ్మ ఒడ్డున రాయి మీద కూర్చుని, సల్వారు పైకి మడిచి, ఒక కాలికి కట్టుకుంది, రెండో కాలికి కట్టుకుంది. కత్తెర పట్టుకుని ఆ ముడులు కత్తిరించిన చేతులు అవే. ఆటకు కట్టుకున్న గుడ్డలు కావు. జట్టూ లేదు, గెంతులూ లేవు. పాఠం కోసం, సారు కట్టించి పంపితే దిగిన పిల్లకు మాత్రమే ఆ గుడ్డలుంటాయి. ఆనాడే ఆ సాక్ష్యం తన చేతిలో పెట్టి పంపారు, తనే కత్తిరించి పారేసి పైగా పిల్లను తిట్టింది. కర్ర రాయికి ఆనించి లేచి, చెప్పుల్లేకుండానే గట్టెక్కి, బస్సు నీడలో నిలబడ్డ పటాల సారు ఎదుటికి వెళ్లింది.

ఆయన ముందు ఆమె మోకాళ్ల వంక చూశాడు, తర్వాత ముఖంలోకి చూశాడు.

"మీరు చేరిన రోజే గుర్తుపట్టానమ్మా. మీ అమ్మాయిదీ ఇదే ముఖం. ఎప్పుడడుగుతారా అని చూస్తున్నాను."

"మీరు వద్దన్నా దిగిందన్నారు కదా సార్, మా అమ్మాయి."

పటాల సారు బస్సు రేకుకు చెయ్యి ఆనించుకున్నాడు.

"వద్దన్నది నేను కాదమ్మా. తనే వద్దంది. ఇక్కడ నీళ్లు నల్లగా ఉన్నాయి సార్, నాకు భయంగా ఉంది అంది."

మిగిలింది ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ప్రతి ఏడూ పిల్లలకన్నా ముందు తనే దిగి, లోపలి వంపులో ఇసుక మీద నిలబడి, ఇదిగో ఇంతే లోతు అని చూపించేవాడట. ఆ ఏడు జ్వరం పడి లేచాడు, తడవడమెందుకని ఒడ్డునే ఉండి చేత్తో చూపించాడు. ఏటా నేను నిలబడే చోటే కదా, మోకాలి లోతు దాటదు, దిగమ్మా అన్నాడు. ఆ వేసవిలోనే లారీల వాళ్లు వచ్చి అక్కడి ఇసుక తోడుకుపోయారు. ఇసుక చేరేది లోపలి వంపులో అని పిల్లలకు చెప్పేవాడు ఆయనే. ఇసుక కావలసినవాళ్లు తవ్వేదీ అక్కడేనని మాత్రం ఆయనకు తట్టలేదు. నీళ్లు గుడ్డకు తగిలితే ఆగాలన్న పద్ధతి బాగానే ఉంది గానీ, ఆ గోతికి అంచు నిట్టనిలువుగా ఉంది. ఒక అడుగు పిక్కల దాకా, రెండో అడుగు లేనే లేదు. ఆయనకు ఈత రాదు. ఒడ్డున నిలబడి అరిచాడు.

నేను దిగమన్నానని చెబుతానంటే హెడ్మాస్టరు కాళ్లు పట్టుకున్నంత పని చేశాడట, బడి మూతపడుతుంది, అందరి నోటి దగ్గర కూడూ పోతుంది అని. తన నోరు పెగల్లేదన్నాడు. ఆ తర్వాత ఏ రోజు చెప్పినా ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారని, రోజులు జరిగేకొద్దీ ఇంకా పెగల్లేదన్నాడు.

కాజాలమ్మ అంతా వింది. ఈ క్షణం వస్తే మీద పడి కొడతానని అనుకునేది. అరుస్తానని అనుకునేది. తీరా వచ్చాక ఆమెకు వినబడుతున్నది ఒకటే.

"దిగమంటే ఏమంది సార్ అది?"

"సరే సార్ అంది."

ఆ సరే ఎవరు నేర్పారో ఆమెకు తెలుసు. బడి నుంచి పదే పదే ఫిర్యాదులొస్తుంటే, ఎదురు చెప్పిన ప్రతిసారీ వీపు మీద ఒకటి వేసి, పెద్దవాళ్లు చెబితే సరే అనడం నేర్చుకోవే అని ఆ ఏడంతా చిలక్కి చెప్పినట్టు చెప్పింది ఆమే. ఏటికి బయల్దేరిన పొద్దున గుమ్మంలో జడ వేస్తూ కూడా చెప్పింది, సారు చెప్పినట్టు చెయ్యి, నలుగురిలో నా పరువు తియ్యకు అని. నేర్చుకుంది పిల్ల. భయం వేసినా, నీళ్లు నల్లగా కనబడుతున్నా, ఒక్కసారి వద్దని చెప్పి చూసి, తర్వాత తల్లి చెప్పినట్టే చేసింది. బిడ్డ మాట విందని తెలిస్తే మనసు కుదుటపడుతుందని ఇంత దూరం వచ్చిన మనిషికి, అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి లేదు.

ఆమె, ఈ మాట కాగితం మీద రాసిస్తారా అని అడిగింది. బడిలో చదివించాలి, పోలీసుల దగ్గర దిద్దించాలి, చుట్టాలకు చూపించాలి అంది. పటాల సారు కళ్లు తుడుచుకున్నాడు. రిటైరవడానికి ఇంకెంతో లేదనీ, పెన్షను ఆగిపోతుందనీ, ఇంట్లో భార్య మంచంలో ఉందనీ చెప్పాడు. మీకు చెప్పాను కదమ్మా, మీకు తెలియాలి, తెలిసింది, కాగితం మాత్రం అడగొద్దు అని చేతులు జోడించాడు. ఆయన ఏడుపు అబద్ధం కాదు. ఆ జోడించిన చేతులూ అబద్ధం కావు. కానీ ఆ రెండింటితో చచ్చిపోయిన పిల్ల పేరు బాగుపడదు.

ఆమె గట్టు దిగి వచ్చేసరికి అటెండరు కర్రతో ఎదురుచూస్తున్నాడు, రండమ్మా పొద్దెక్కుతోంది అని. కాజాలమ్మ వంగి పీలికలు రెండూ విప్పి పెట్టెలో వేసింది. నేను దిగను అంది. దిగకపోతే మార్కులు పోతాయమ్మా, పరీక్ష పోతుంది అని ఆయన కంగారుపడ్డాడు. పోనివ్వండి అంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒకరు చెప్పిన పని చెయ్యనని మొహం మీద చెప్పడం అదే మొదలు. చివరికి కండక్టరమ్మ చీర ఎగ్గట్టుకుని దిగింది.

ఇంటికి వచ్చాక మొగుడికి చెప్పింది. అది తప్పు చెయ్యలేదు, సారు దిగమంటే దిగింది అంది. ఆయన చొక్కా గుండీలు విప్పుతున్నవాడల్లా ఆగి, మంచం మీద కూర్చున్నాడు. అందరితో నేను దాన్ని దుడుకుదనే చెప్పానే అన్నాడు. కాసేపటికి, ఇప్పుడెవరితో చెప్పుకుంటాం, ఎవరు వింటారు అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఆడపడుచుకు ఫోను చేసి చెబితే ఆమె నిట్టూర్చి, పోనీలే వదినా, ఎలా పోయినా పోయిందే కదా, ఆరిన పొయ్యి ఎందుకు కెలుక్కుంటావు అంది. ఏళ్ల తరబడి ఊరంతా మోసిన మాటను వెనక్కి తీసుకోవడానికి ఎవరికీ ఓపిక లేదు.

చిన్నది లోపలి గదిలో కింద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. కాజాలమ్మ వెళ్లి దాని ఎదురుగా కూలబడింది. పుస్తకం మూయమంది. మూసింది. ఇటు చూడమంది. చూసింది. అక్క మాట వినక పోలేదనీ, మాట వినే పోయిందనీ, ఇన్నేళ్లూ నీకు చెప్పిందంతా తప్పనీ చెబుదామనుకుంది. చివరికి ఇంత మాత్రం చెప్పగలిగింది.

"ఎవరైనా ఏదైనా చెయ్యమన్నప్పుడు నీకు భయమేస్తే చెయ్యకు. చెయ్యనని చెప్పు. సారయినా సరే, నాన్నయినా సరే, నేనయినా సరే. వినకు. తెలిసిందా?"

చిన్నది తల్లి ముఖాన్నే కళ్లార్పకుండా చూస్తోంది. ఏం తప్పు చేశానా అని వెతుక్కుంటున్న చూపు అది. గబగబా తల ఊపింది.

"సరేనమ్మా. నువ్వెలా చెబితే అలాగే."

కాజాలమ్మ దాని రెండు చేతులూ పట్టుకుంది. పిల్ల కాసేపు ఓపిక పట్టి, మూసిన పుస్తకం వంక చూసి, మెల్లగా అడిగింది.

"ఇక చదువుకోనా అమ్మా?"

తల్లి ఆ చేతులు వదల్లేదు. చెప్పేదాకా పుస్తకం తెరవకూడదనుకుని ఆ పిల్ల అలాగే కూర్చుంది.